అడగండి, చెప్తాను: బీ ఫారం ఎవరిచ్చారు?

మూడు వారాల కింద ఇదే పేజీలో మోండేర్ జోన్స్, రిట్చీ టోరెస్ అనే ఇద్దరి గురించి నాలుగు లైన్లు రాశాను. 2020 నవంబర్‌లో న్యూయార్క్ రాష్ట్రం నుంచి అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. తాము గే అని దాచుకోకుండా చెప్పుకుని ఆ సభలో అడుగుపెట్టిన మొదటి నల్లజాతీయులు వాళ్ళిద్దరే. నాలుగు లైన్లకి ఇన్ని ఉత్తరాలు, ఇన్ని వాట్సాప్‌లు వస్తాయనుకోలేదు. తిట్లు పక్కన పెట్టి, ప్రశ్నలున్నవి తీసుకుంటున్నాను.

*ప్రశ్న: జోన్స్ నల్లజాతీయుడు, పైగా గే. తెల్లవాళ్ళు ఎక్కువగా ఉన్న నియోజకవర్గం. అలాంటి వ్యక్తికి డెమోక్రటిక్ పార్టీ టికెట్ ఎలా ఇచ్చింది? మన దగ్గరైతే ఊహించగలమా? – ఒక టీచర్, తెనాలి*

ఇవ్వలేదండీ. అక్కడ ఇచ్చేవాళ్ళు లేరు. మీ ప్రశ్నకి అసలు జవాబు ఇదే. కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ తతంగం నేను కళ్ళారా చూశాను.

2020 జనవరిలో మా అమ్మాయి పురిటికని రాక్‌లాండ్ కౌంటీలోని నాన్యుయెట్ వెళ్ళాను. ఏప్రిల్‌లో తిరుగు టికెట్. కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి, ఆగస్టు దాకా అక్కడే ఉండిపోయాను. ఖమ్మంలో ముప్పై ఒక్క ఏళ్ళు ఇంటర్ పిల్లలకి సివిక్స్ చెప్పినదాన్ని. ఇంట్లో కూర్చోబెడితే ఊరుకుంటానా? మాస్కు పెట్టుకుని సాయంత్రం నడకకి పోతే ప్రతి గడ్డి మీదా పేర్లున్న చిన్న చిన్న బోర్డులు. యార్డ్ సైన్లు అంటారు. మనలాగా గోడల మీద రాతలుండవు, మైకులుండవు. బోర్డు పెట్టుకున్నది ఇంటాయన ఇష్టం.

ఆ బోర్డుల్లో ఒక పేరు జోన్స్. పక్క ఊరు స్ప్రింగ్ వ్యాలీలో పెరిగినవాడు. తల్లి ఒంటరిగా, తాతా అమ్మమ్మల సాయంతో పెంచింది. ప్రభుత్వం అద్దెకి సాయం చేసే ‘సెక్షన్ 8’ ఇల్లు, ఫుడ్ స్టాంపులతో తిండి. అమ్మమ్మ ఇళ్ళు శుభ్రం చేసేది. పిల్లాణ్ణి డే కేర్‌లో పెట్టే స్తోమత లేక పనికి వెంట తీసుకెళ్ళేది. ఆ పిల్లాడే స్టాన్‌ఫర్డ్‌లో చదివి, హార్వర్డ్‌లో లా చేసి, 2019లో తన సొంత పార్టీ ఎంపీ మీదే పోటీకి దిగాడు. ఆవిడ సామాన్యురాలు కాదు. నీటా లోవీ. 1989 నుంచి ప్రతినిధుల సభలో ఉంది, అప్పటికి నిధుల కేటాయింపుల కమిటీకి అధ్యక్షురాలు.

మన దగ్గర ఏం జరిగేదో మీకు తెలుసు. నామినేషన్ల ఆఖరి రోజు రాత్రి హైదరాబాద్ హోటళ్ళలో ఆశావహుల జాగారం, తెల్లారేసరికి బీ ఫారం ఒకరి చేతిలో, కన్నీళ్ళు ఇంకొకరి కంట్లో. అక్కడ బీ ఫారమే లేదు. ప్రైమరీ అని పార్టీలోపలి ఎన్నిక పెడతారు. ఆ పార్టీవాళ్ళమని ఓటర్ల జాబితాలో నమోదైన మామూలు జనమే అభ్యర్థిని ఎన్నుకుంటారు. మామూలుగా న్యూయార్క్‌లో కాంగ్రెస్ సీటుకి 1,250 సంతకాలు తెస్తే ప్రైమరీ బ్యాలెట్ మీద పేరు ఎక్కుతుంది. ఆ ఏడు కరోనా వల్ల అది కూడా తగ్గించారు. సంతకాలు తెచ్చినవాణ్ణి ‘నువ్వు మాకు సరిపోవు’ అనే హైకమాండ్ లేదు.

2019 అక్టోబర్‌లో లోవీ ఇక పోటీ చేయనంది. దాంతో బరిలోకి గుంపు దిగింది, చివరికి ఎనిమిది మంది మిగిలారు. రాష్ట్ర సెనేటర్ ఒకాయన, ఒబామా కాలంలో రక్షణ శాఖలో చేసిన ఒకావిడ, పెద్ద మందుల కంపెనీ అధిపతి కొడుకైన మాజీ ప్రాసిక్యూటర్ ఒకాయన. ఈ చివరాయన సొంత డబ్బు లక్షల డాలర్లు కుమ్మరించాడు. అభ్యర్థుల రంగుల కరపత్రాలు పోస్టులో ఎన్ని వచ్చేవంటే, మనవరాలికి డైపర్ మార్చేటప్పుడు కింద పరుచుకునేవాళ్ళం.

జూన్ 23న పోలింగ్. ఎక్కువ మంది పోస్టులో ఓటు వేయడంతో ఫలితం తేలడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. మా అల్లుడికి ఓటు లేదు, హెచ్‌-1బీ మీద ఉన్నాడు. అయినా రోజూ రాత్రి లెక్క చూసి టెన్షన్ పడేది అతనే. చివరికి జోన్స్‌కి దాదాపు 42 శాతం వచ్చాయి, మిగతావి ఏడుగురూ పంచుకున్నారు. అక్కడ కాంగ్రెస్ ప్రైమరీలో మన పద్ధతే, ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్ళదే సీటు. సగం దాటక్కర్లేదు. కాబట్టి ‘తెల్లవాళ్ళ నియోజకవర్గం గే నల్లజాతీయుణ్ణి మనసారా ఆదరించింది’ అని పత్రికలు రాస్తే నేను కాస్త ఆగి చదువుతాను. ఆదరించింది నిజమే. డబ్బున్నవాళ్ళూ పదవులున్నవాళ్ళూ ఒకరి ఓట్లు ఒకరు చీల్చుకున్నారన్నదీ నిజమే. నవంబర్‌లో అసలు ఎన్నికలో మాత్రం సగం దాటి, 59 శాతంతో గెలిచాడు.

*ప్రశ్న: నల్లజాతివాళ్ళకి చర్చి అంటే ప్రాణం అంటారు. పాస్టర్లు ఊరుకున్నారా? – ఒక పాఠకురాలు, కరీంనగర్*

అందరూ ఊరుకోలేదు. దీనికి టోరెస్ పోటీ చేసిన చోటు చూడాలి. న్యూయార్క్ నగరంలోని సౌత్ బ్రాంక్స్. దేశంలోకెల్లా పేద నియోజకవర్గం అని చాలా ఏళ్ళుగా పేరుపడిన చోటు. టోరెస్ ప్యూర్టోరికో మూలాలున్న నల్లజాతీయుడు. బ్రాంక్స్‌లోనే ప్రభుత్వ గృహాల్లో పెరిగాడు. గోడలకి బూజు, చలికాలం హీటర్ పనిచేయదు. ఎదురుగా నగరం పదికోట్ల డాలర్లకు పైగా ప్రజల డబ్బు పెట్టి గోల్ఫ్ మైదానం కట్టింది. నడపడానికి ట్రంప్ కంపెనీకి ఇచ్చింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెప్పడమే అతని ప్రచారం. ఇరవై అయిదేళ్ళకే, 2013లో, నగర కౌన్సిలర్ అయ్యాడు.

2020 ప్రైమరీలో అతని మీద పన్నెండు మంది దాకా ఉన్న బరిలో అందరికంటే గట్టివాడనుకున్నది రూబెన్ డియాజ్ సీనియర్. పెంటెకోస్టల్ పాస్టర్. ఎప్పుడూ కౌబాయ్ టోపీ పెట్టుకుంటాడు. 2011లో న్యూయార్క్ సెనేట్ స్వలింగ వివాహాల చట్టం చేసినప్పుడు వ్యతిరేకంగా ఓటేసిన డెమోక్రాట్ ఆయనొక్కడే. 2019లో ‘ఈ నగర కౌన్సిల్‌ని గేలే నడుపుతున్నారు’ అన్నందుకు ఆయన అధ్యక్షుడిగా ఉన్న కమిటీనే రద్దు చేశారు. అయినా బ్రాంక్స్‌లో ప్రతి ఇంటికీ తెలిసిన పేరు. ఇంతమంది ఓట్లు చీల్చుకుంటే ఆ పాస్టరే బయటపడతాడని అందరికీ భయం.

పడలేదు. టోరెస్ గెలిచాడు. డియాజ్ మూడో స్థానం.

నేను కలిసింది మాత్రం ఒకే ఒక్క మనిషిని. మా అమ్మాయి వాళ్ళ వీధి చివర హైతీ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేది. ముసలివాళ్ళ ఇళ్ళకెళ్ళి స్నానాలు చేయించడం, మందులివ్వడం ఆవిడ పని. ఆ ప్రాంతంలో హైతీవాళ్ళు చాలామంది. ఆదివారం వస్తే ఫోన్‌లో ప్రార్థన, చేతిలో బైబిల్. గడ్డి మీద మాత్రం జోన్స్ బోర్డు. నాకు ఆగలేదు, అడిగేశాను. ‘మీ పాస్టర్ ఏమీ అనడా?’ అని. ఆవిడ నా వైపు కాసేపు చూసింది. ‘నాకూ అది నచ్చదు. కానీ అతని అమ్మమ్మ చేసిన పని మా అమ్మ చేసింది. నేనూ చేశాను. ఈ అద్దెలేంటో అతనికి తెలుసు’ అంది. నచ్చదు అన్న మాట దాచుకోలేదు. బోర్డూ తీయలేదు.

క్లాసులో ‘ఓటరు ప్రవర్తన’ అనే పాఠాన్ని కులం, వర్గం, మతం అని మూడు గళ్ళు గీసి చెప్పేదాన్ని. ఆవిడని ఏ గడిలో వేయాలో నాకు తెలియలేదు.

*ప్రశ్న: ‘నల్లజాతీయుడు’ అనడం తప్పు కాదా? ‘స్వలింగ సంపర్కుడు’ అని కాకుండా ‘గే’ అని ఎందుకు రాశారు? – పేరు వద్దన్నారు*

నల్లజాతీయులు అని మన పత్రికలు ఎప్పట్నుంచో గౌరవంగానే వాడుతున్నాయి. రెండో మాటలో ‘సంపర్కం’ అంటే పడకగది. ఒక మనిషిని పరిచయం చేస్తూ పడకగదితో మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు. మిమ్మల్ని అలా పరిచయం చేయను కదా.

*ప్రశ్న: ఎవరి ఇష్టం వాళ్ళది, నాకు అభ్యంతరం లేదు. కానీ సొంత విషయం ఊరంతా చాటింపు వేయడం ఎందుకు? నోరు మూసుకుని ప్రజాసేవ చేయొచ్చుగా? – బ్యాంకు రిటైర్డ్ ఉద్యోగి, నంద్యాల*

మీరు మర్యాదగా అడిగారు కాబట్టి నేనూ మర్యాదగానే చెప్తాను. నోరు మూసుకుని సేవ చేసిన మనిషి ఒకడున్నాడు. ఏమైందో చూడండి.

బేయర్డ్ రస్టిన్. అతనూ నల్లజాతీయుడే, గేనే. మార్టిన్ లూథర్ కింగ్‌కి అహింసా పోరాటంలో మెళకువలు చెప్పినవాడు. గాంధీ పద్ధతులు దగ్గరగా చూడాలని 1948లో మన దేశానికి వచ్చాడు కూడా. 1953లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఇద్దరు మగవాళ్ళతో దొరికాడని అరెస్టు చేశారు, జైల్లో పెట్టారు. ఆ తర్వాత ఏం చేసినా ఆ కేసు వెన్నంటే వచ్చింది. 1960లో డెమోక్రటిక్ పార్టీ మహాసభ ముందు కింగ్, రస్టిన్ కలిసి నిరసన చేయాలనుకున్నారు. దాన్ని ఆపడానికి ఆడమ్ క్లేటన్ పావెల్ అనే హార్లెం నల్లజాతి ఎంపీయే ఒక బెదిరింపు పంపాడు: ఆపకపోతే నీకూ రస్టిన్‌కీ సంబంధం ఉందని ప్రచారం చేస్తాను అని. అది పచ్చి అబద్ధం. అయినా కింగ్ వెనక్కి తగ్గాడు, రస్టిన్ ఉద్యమ సంస్థ నుంచి తప్పుకున్నాడు.

మూడేళ్ళ తర్వాత నల్లజాతివాళ్ళ హక్కుల కోసం వాషింగ్టన్ మార్చ్. 1963 ఆగస్టు 28. రెండు లక్షలకు పైగా జనం. బస్సులు, మంచినీళ్ళు, మరుగుదొడ్లు, ఎవరు ఎన్ని నిమిషాలు మాట్లాడాలి, అంతా రస్టిన్ చేతి మీదే నడిచింది. దానికి కొద్దివారాల ముందు స్ట్రామ్ థర్మండ్ అనే సెనేటర్ నిండు సభలో లేచి ఆ పాసడీనా అరెస్టు సంగతి చదివి రికార్డుల్లోకి ఎక్కించాడు. ఈసారి మాత్రం మార్చ్‌కి పెద్దదిక్కు, నల్లజాతి కార్మిక నాయకుడు ఏ. ఫిలిప్ రాండాల్ఫ్ రస్టిన్‌ని వదల్లేదు. మార్చ్ ఆగలేదు. కానీ ఆ మనిషి ఎన్నికల్లో నిలబడే మాటే రాలేదు, ఎప్పుడూ వెనక వరసే. కాలిఫోర్నియా గవర్నర్ ఆ కేసుకి క్షమాభిక్ష ఇచ్చింది 2020లో. రస్టిన్ పోయి అప్పటికి ముప్పై రెండేళ్ళు దాటింది.

కాబట్టి మీరు చాటింపు అంటున్నది నా లెక్కలో చాటింపు కాదు, తాళం చెవి వేరేవాడి జేబులో ఉండకుండా చూసుకోవడం. బ్యాంకులో చేశారు, మీకు చెప్పక్కర్లేదు. టోరెస్ అయితే ఇంకో అడుగు వేశాడు. ఒకప్పుడు డిప్రెషన్‌తో చదువు మానేశాననీ, ఇప్పటికీ దానికి మందులు వేసుకుంటాననీ అతనే చెప్పేశాడు. ఇక ప్రత్యర్థి తవ్వడానికి ఏం మిగిలింది?

మధ్యలో మెల్ బూజర్ అనే ఆయన కూడా గుర్తొస్తున్నాడు. 1980లో న్యూయార్క్‌లో జరిగిన డెమోక్రటిక్ మహాసభలో ఉపాధ్యక్ష పదవికి ఆయన పేరు ప్రతిపాదించారు. గెలిచే పోటీ కాదు, వేదిక ఎక్కి నాలుగు మాటలు చెప్పే అవకాశం. నల్లవాణ్ణని తిట్టించుకోవడం తెలుసు, గే అని తిట్టించుకోవడమూ తెలుసు, రెంటికీ తేడా ఏమీ లేదు అని చెప్పి, అప్పటి ఉపాధ్యక్షుడు వాల్టర్ మాండేల్ కోసం తప్పుకున్నాడు. ఆ మాట నుంచి జోన్స్, టోరెస్ ప్రమాణ స్వీకారానికి నలభై ఏళ్ళు పట్టింది.

*ప్రశ్న: మీరు సగమే రాశారు. జోన్స్ ఆ తర్వాత ఓడిపోయాడు, అది చెప్పలేదు. జనం తిరస్కరించారని ఒప్పుకోండి. – ఫ్రిస్కో, టెక్సస్ నుంచి ఒక పాఠకుడు*

ఓడిపోయాడు, ఒకసారి కాదు, రెండుసార్లు. కానీ బాబూ, మొదటిసారి తన జనం ముందుకి వెళ్ళే అవకాశమే రాలేదు.

పదేళ్ళకోసారి జనాభా లెక్కల తర్వాత అక్కడ నియోజకవర్గాల గీతలు మళ్ళీ గీస్తారు. మన డీలిమిటేషన్ లాంటిదే. 2022లో న్యూయార్క్ డెమోక్రాట్లు తమకి అనుకూలంగా గీసుకున్న మ్యాప్‌ని రాష్ట్ర అత్యున్నత కోర్టు కొట్టేసింది. కోర్టు నియమించిన నిపుణుడు కొత్తది గీశాడు. ఆ గీతల్లో షాన్ పాట్రిక్ మలోనీ అనే ఇంకో ఎంపీ ఇల్లు జోన్స్ గెలిచిన 17వ నియోజకవర్గంలోకి వచ్చింది. జోన్స్ ఇల్లు పక్కదాంట్లోకి పోయింది. అయితే జోన్స్ పాత ఓటర్లలో ఎక్కువమంది 17లోనే ఉన్నారు. మలోనీ మ్యాప్ వచ్చిన రోజే ‘నేను 17 నుంచి’ అనేశాడు. ఆయన ఎవరు? అప్పుడు పార్టీ తరఫున ప్రతినిధుల సభ ఎన్నికలన్నీ చూసే కమిటీకి అధ్యక్షుడు. సొంత పార్టీ ఎంపీలని కాపాడడం ఆయన ఉద్యోగం. ఇంకో సంగతి, మలోనీ కూడా గేనే. న్యూయార్క్ నుంచి బహిరంగంగా గే అని చెప్పుకుని గెలిచిన మొదటి ఎంపీ. టోరెస్ మండిపడి, ఇందులో జాతి వివక్ష వాసన వస్తోందని బాహాటంగా అన్నాడు.

జోన్స్ పోట్లాడలేదు. అది తప్పని నా అభిప్రాయం. మూటాముల్లె సర్దుకుని బ్రూక్లిన్ వెళ్ళి 10వ నియోజకవర్గంలో నిలబడ్డాడు. అక్కడ అతన్ని ఎరిగినవాళ్ళెవరు? ఆగస్టు ప్రైమరీలో మూడో స్థానం. గెలిచింది డాన్ గోల్డ్‌మన్, లీవైస్ జీన్స్ వంశపు వారసుడు. మరి 17లో? నవంబర్‌లో మలోనీ రిపబ్లికన్ మైక్ లాలర్ చేతిలో రెండు వేల లోపు ఓట్ల తేడాతో పోయాడు. ఉన్నవాణ్ణి పంపించి తానూ పోయాడు. ఆ ఏడు సభలో మెజారిటీ కూడా పోయింది.

2024లో జోన్స్ 17కి తిరిగొచ్చి లాలర్ మీద నిలబడి ఓడాడు. దాన్ని జనం తీర్పు అంటే ఒప్పుకుంటాను. కానీ ఆ మధ్యలో ఇంకో నల్లజాతి ఎంపీ జమాల్ బోమన్‌కి వ్యతిరేకంగా ప్రైమరీలో నిలబడిన జార్జ్ లాటిమర్‌కి మద్దతిచ్చి, తనని నెత్తిన పెట్టుకున్న ప్రగతివాదుల్నే దూరం చేసుకున్నాడు. అంటే మామూలు రాజకీయ నాయకుడు చేసే లెక్కలే చేశాడు, కొన్ని తప్పాయి. టోరెస్ మాత్రం తన బ్రాంక్స్ సీటులో 2022లోనూ, 2024లోనూ మళ్ళీ గెలిచాడు.

మా హైతీ ఆవిడ బోర్డు సంగతి అడిగారా? 2024లో ఏ బోర్డూ పెట్టలేదని మా అమ్మాయి చెప్పింది.

*ప్రశ్న: నా వయసు 24. నేనూ అలాంటివాణ్ణే. ఇంట్లో తెలియదు. రాజకీయాలంటే పిచ్చి. మన దగ్గర అయ్యే పనేనా? – ఊరు పేరు రాయొద్దన్నారు*

ఊరు రాయను. ఇంట్లో ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో నేను చెప్పను. అది నీ వీలు. ఉద్యోగం, ఉండడానికి ఒక గది, నీ వైపు నిలబడే ఒక్క మనిషి, ఈ మూడూ ఉన్నాక ఆలోచించు. నాకు తెలిసింది కాగితాల సంగతి, అది చెప్తాను.

అసెంబ్లీకైనా లోక్‌సభకైనా పాతికేళ్ళు నిండాలి. ఇంకో ఏడాది ఆగు. డిపాజిట్ అసెంబ్లీకి 10,000, లోక్‌సభకి 25,000. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకి అందులో సగం. నామినేషన్‌తో పాటు ఫారం 26 అని ఒక అఫిడవిట్ ఉంటుంది. నీ ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు రాయాలి. భార్య లేదా భర్త ఆస్తులకి ఒక గడి ఉంది. నువ్వు ఎవర్ని ప్రేమిస్తావన్నదానికి ఏ గడీ లేదు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పిచ్చాక అది నేరమూ కాదు, కాబట్టి కేసుల గడిలోనూ రాదు. 2023లో సుప్రీంకోర్టు పెళ్ళికి మాత్రం ఒప్పుకోలేదు. అందుకని రేపు నీకో తోడు దొరికినా ఆ భార్యాభర్తల గడిలో ‘లేదు’ అనే రాయాల్సి వస్తుంది.

గుర్తింపున్న పార్టీ బీ ఫారం ఇస్తే నీ పేరు ప్రతిపాదించడానికి ఒక్క ఓటరు చాలు. ఇవ్వకపోతే ఇండిపెండెంట్‌గా పది మంది సంతకం పెట్టాలి. అందరూ ఆ నియోజకవర్గం ఓటర్లే అయుండాలి. అక్కడ మామూలుగా 1,250 అడుగుతారు, నీకు పదే. ఈ ఏడాదిలో ఆ పది పేర్లు ఒక కాగితం మీద రాసి నాకు పంపు.